బాపు గుండె మిషనూ, రెండు సున్నాలూ

మొన్న మా అపార్టుమెంటు ఆడవాళ్ల ఫోను గ్రూపులో ఎవరో ఒక కబురు పెట్టారు. 2038లో ఫోన్లూ కంప్యూటర్లూ లెక్క తప్పి పాతకాలంలోకి వెళ్లిపోతాయట, అందరూ జాగ్రత్తపడాలట, చదివినవాళ్లు కనీసం పదిమందికి పంపాలట. కింద ఒకావిడ చేతులు జోడించిన బొమ్మ పెట్టింది, ఇంకొకావిడ ఇదంతా బూటకం అంది, మూడో ఆవిడ మా అబ్బాయి ఇది నిజమేనన్నాడని రాసింది, ఇంతలో నీళ్ల ట్యాంకరు వచ్చిందని ఎవరో అనగానే అందరూ ఆ సంగతి మరచిపోయారు. నేను మాత్రం కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మన ఈడువాళ్లకు ఇలాంటిది కొత్త కాదు కదా. ఒకసారి చూసినవాళ్లమే, భయపడినవాళ్లమే, ఆ భయపడింది నిజానికో అబద్ధానికో ఇప్పటికీ తేల్చుకోలేనివాళ్లమే. మీ సంగతేమో గాని నేను తేల్చుకోలేదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. మేమప్పుడు పాతబస్తీలో, గౌలిపురలో అద్దెకుండేవాళ్లం. మాది గోదావరి పక్క. నాన్నగారు బదిలీ మీద హైదరాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడిపోతే నేనూ ఇక్కడే చదివి, నాంపల్లి దగ్గర ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా చేరాను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిని ముట్టుకోవడానికి పెద్దవాళ్లెవరూ ధైర్యం చేయకపోతే, ఏమవుతుందిలే అని నేనే వెళ్లి ముందు కూర్చున్నాను, అలా కంప్యూటరు ఆపరేటరునయ్యాను. మావారు ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. మాకొక పాప, అప్పటికింకా బడికి వెళ్లడం లేదు. సందులో బయటికి ఉన్న రెండు గదులు మావి, వెనక గదులు ఇంటివాళ్లవి, వాటి వెనక బర్రెల కొట్టం. అద్దెకు దిగిన కొత్తలో ఆ పేడవాసనకు ముక్కు మూసుకున్నదాన్ని, ఏడాది తిరిగేసరికి ఆ వాసన లేకపోతే ఇల్లు ఇల్లులా తోచేది కాదు. తెల్లవారుజామున బకెట్లో పాలధార పడే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది, గడియారానికి కీ ఇవ్వడం మరచిపోయినా ఆఫీసుకు ఆలస్యమయ్యేది కాదు.

ఆ ఇంటి పెద్దాయనను సందులో అందరూ బాపు అనేవారు, మేమూ అలాగే అన్నాం. ఆయన భార్యను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. వాళ్లకిద్దరూ కూతుళ్లే, పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. బాపు పొడుగ్గా, మోకాళ్లదాకా ఎగ్గట్టిన పంచెతో, భుజాన ఎప్పుడూ ఒక తువ్వాలతో ఉండేవాడు. ఆయన తాతల నాటినుంచీ పాల వ్యాపారమే. ఒకప్పుడు కొట్టం నిండా ఉండేవట గాని, మేం వెళ్లేనాటికి నాలుగు బర్రెలే మిగిలాయి. ఊరు పెరిగి గడ్డి దొరకడం కష్టమైపోయినా ఆ నాలుగింటినీ ఆయన వదల్లేదు. ఒక్కొక్కదానికీ ఒక్కో పేరు, ఒక్కో తిట్టు, ఒక్కో ముద్దు.

మేం దిగకముందు జరిగిన సంగతి పెద్దమ్మ ఎన్నిసార్లో చెప్పింది. ఒకరోజు పాలు పితుకుతూ పితుకుతూ బాపు ముందుకు వాలిపోయాడట. ఆయన తల పొదుగుకు ఆనుకుని ఉంటే ఆ బర్రె కాలు కదపకుండా, తోక విసరకుండా, ఈవిడ చూసి కేకలు వేసేదాకా అలాగే నిలబడిందట. ఆసుపత్రికి తీసుకెళ్తే గుండె మరీ మెల్లగా కొట్టుకుంటోందన్నారు, ఎడమ భుజం కింద చర్మం లోపల ఒక చిన్న మిషను పెట్టారు. ఆ తరువాత ఆయన మళ్లీ గడ్డిమోపులెత్తాడు, బోనాలకు లాల్‌దర్వాజాదాకా నడిచాడు. ఇంటికి ఎవరొచ్చినా అంగీ గుండీలు విప్పి, అగ్గిపెట్టంత ఉబ్బును వేలితో ముట్టుకోమనేవాడు. ఆసుపత్రిలో ఎవరో సులువుగా అర్థం కావాలని చెప్పినట్టున్నారు, లోపల గడియారం అసొంటిది పెట్టిండ్రు బిడ్డా అని మాకు చెప్పేవాడు. ఆ గడియారమనే మాటే తరువాత ఆయన కొంప ముంచింది.

తొంభై తొమ్మిది వేసవి దాటాక ఎక్కడ చూసినా ఒకటే మాట మొదలైంది. మీకూ గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్లలో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసుకుంటూ వచ్చారు, మనం కాగితాల మీద 99 అని వేసినట్టే. తరువాత వచ్చేవి రెండు సున్నాలు. ఆ రెండు సున్నాలను చూసి మిషను రెండువేలనుకుంటుందా, పంతొమ్మిది వందలనుకుంటుందా? ప్రశ్న ఇంతే. కానీ దీనికి చెప్పే జవాబులు మాత్రం పేపరుకొకటి, టీవీకొకటి. విమానాలు పడిపోతాయన్నారు, కరెంటు పోతుందన్నారు, లిఫ్టులు మధ్యలో ఆగిపోతాయన్నారు. పక్కపేజీలోనే ఇంకో పెద్దమనిషి, అమెరికా కంపెనీలు డబ్బు గుంజడానికి పుట్టించిన గాలికబురని రాసేవాడు. ఇద్దరివీ పెద్ద పెద్ద చదువులే.

మా ఆఫీసుకు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. కార్యాలయంలోని యంత్రాలన్నిటినీ పరీక్షించి, సిద్ధంగా ఉన్నవాటికి ఒక పచ్చ చీటీ అంటించాలని. యంత్రమంటే ఏదో అందులో రాయలేదు. చీటీలు కట్టలు కట్టలుగా వచ్చాయి, మిగిల్చి తిరిగి పంపితే మళ్లీ ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలోనని మా అటెండరు టైపు మిషన్లకూ, నీళ్ల కూలరుకూ, సూపరింటెండెంటుగారి తలమీద తిరిగే ఫ్యానుకూ కూడా అంటించేశాడు. అందరం నవ్వుకున్నాం. కానీ ఆ వారంలోనే జరిగిన ఇంకో సంగతి తలచుకుంటే నాకు నవ్వు రాదు. కంపెనీనుంచి వచ్చిన ఒకాయన నా ఎదుటే కంప్యూటరులో తారీఖు ముందుకు జరిపి, ఉద్యోగుల జాబితా తీయమన్నాడు. తీశాను. ఆ మరుసటి ఏడాది రిటైరు కావలసిన మా సూపరింటెండెంటుగారు, మిషను లెక్క ప్రకారం పంతొమ్మిది వందల సంవత్సరంలోనే, అంటే ఆయన పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే, రిటైరయిపోయారు. ఆయన మొహంలో రక్తం లేదు. నా పింఛనెట్లమ్మా, నా పింఛనెట్లా, అని నా కుర్చీ చుట్టూ తిరిగారు పాపం. ఆ కంపెనీ ఆయన నాలుగు రోజులు కూర్చుని ఏదో సరిదిద్ది వెళ్లాడు. ఫ్యానుకు చీటీ అంటించడమూ కళ్లారా చూశాను, మిషను తప్పు చెప్పడమూ కళ్లారా చూశాను. రెండూ ఒకే గదిలో. ఇక నేనేమని నమ్మాలి?

ఇంటికొచ్చి చెబితే మావారు నవ్వారు. లెక్కల మాస్టారు కదా, ఒక అంకె మారినంత మాత్రాన ప్రపంచం ఆగదన్నారు. నేను సూపరింటెండెంటుగారి సంగతి చెబితే, అది కాగితం మీది తప్పు, కాగితం మీది తప్పుతో ఎవరూ చావరన్నారు. ఎదురింటి అమ్మాయి అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు చదివేది. చార్మినారు దగ్గర బస్సు మారి రోజూ అంత దూరం వెళ్లివచ్చే ఆ పిల్ల, ఆంటీ, చిప్ ఉన్న ప్రతిదానికీ ప్రాబ్లమే, అని తేల్చి చెప్పింది. ఆ మాట మా అరుగు మీద నిలబడి అంది. లోపల దాణా కలుపుతున్న బాపు చెవిన అది పడిందని అప్పుడు నాకు తెలియదు.

ఆ సాయంత్రం పాలకు గిన్నె పట్టుకుని వెళ్తే బాపు పాలు పోయకుండా నా మొహంకేసి చూశాడు.

"బిడ్డా, నువ్వు కంప్యూటర్ల మీద పని చేస్తవ్ గదా. ఒక్కటి చెప్పు. నా లోపలున్నదానికి గూడ గా రోగం ఉంటదా?"

ఉండదు బాపూ అని ఆ క్షణాన ఒక్కమాట అనేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నాకు నిజంగా తెలియదు. జీతాల పట్టికలు కొట్టేదానికి గుండెలో మిషను సంగతి ఏం తెలుస్తుంది? కనుక్కుని చెబుతానన్నాను.

"నీకే తెల్వకపోతే ఇంకెవలికి తెలుస్తది?" అన్నాడు మెల్లగా, నన్ను తప్పుపట్టినట్టు కాదు, ఒక సంగతి ఖాయమైపోయినట్టు.

ఆరోజునుంచి బాపు మారిపోయాడు. గడ్డిమోపు ఎత్తడం మానేశాడు, గట్టిగా మాట్లాడడం మానేశాడు, లోపలి మిషనును పొదుపుగా వాడుకుంటున్నట్టు గోడకానుకుని కూర్చునేవాడు. ఆయనకొక చిన్ననాటి స్నేహితుడు ఉండేవాడు, ఛత్రినాక వైపు ఇల్లు, ఊరి బస్సు నడిపి రిటైరయినవాడు, అందరూ డ్రైవర్‌సాబ్ అనేవారు. వయసులో ఉన్నప్పుడు బాపు పాలక్యాన్లను ఆయన తన బస్సులో ఎక్కించుకుని తీసుకెళ్లేవాడట, అప్పటినుంచీ ఇద్దరూ ఒకరినొకరు భాయ్ అనే పిలుచుకునేవారు. రోజూ సాయంత్రం వచ్చి కూర్చునే ఆ డ్రైవర్‌సాబ్ మంచి మనసుతోనే పేపర్లో చదివిందీ టీవీలో చూసిందీ అంతా మోసుకొచ్చి స్నేహితుడి ముందు కుమ్మరించేవాడు. ఒకరోజు ఏమీ కాదట భాయ్ అనేవాడు, మర్నాడు ఏదో దేశంలో ఆసుపత్రి మిషన్లన్నీ మారుస్తున్నారట భాయ్ అనేవాడు. చెప్పాక స్నేహితుడి మొహం చూసి, ఫికర్ నక్కో, అల్లా మాలిక్, అని భుజం తట్టేవాడు. ఇంటికి పోయి తానే నిద్రపోయేవాడు కాదని పెద్దమ్మతో చెప్పుకున్నాడట.

దీపావళి వెళ్లి చలి మొదలయ్యాక ఒక ఆదివారం పొద్దున పెద్దమ్మ ఏడుస్తూ మా గదిలోకి వచ్చింది. బాపు ఆసుపత్రికి పోయి ఆ మిషను తీయించుకుంటానంటున్నాడట. నేను వెళ్లి చూస్తే ఉతికిన పంచె కట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. గిది పెట్టకముందు అరవై ఏండ్లు నా గుండె అదే కొట్టుకున్నది గదా, తీసేస్తే మల్ల అదే కొట్టుకుంటది, మిషను మీద ఆధారపడి ఉంటేనే గదా అది ఆగితే నేను ఆగేది, అన్నాడు. ఆ మాటలో నాకు తప్పు కనిపించలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. మావారు గోడ అవతలనుంచి విని, మొదటిసారి నవ్వడం మానేసి, నువ్వు కూడా వెళ్లమన్నారు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, పాపను పెద్దమ్మ దగ్గర వదిలి, బాపుతో ఆటోలో ఆసుపత్రికి వెళ్లాను. ఆ గుండె డాక్టరుగారు నడివయసు మనిషి, ఓపికగలవాడు. ఆయన నవ్వలేదు. ఇదే ప్రశ్న అడగడానికి మీరు మొదటివాళ్లు కాదని చెప్పి, బాపును దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ మిషనుకు అసలు తారీఖే తెలియదన్నాడు.

"తారీఖు తెల్వదా?" అన్నాడు బాపు.

"తెలియదు."

"పండుగ పబ్బం తెల్వదా? గడియారం గాదా ఇది?"

"గడియారం కాదు పెద్దాయనా. మీ గుండె ఇప్పుడు కొట్టుకుందా లేదా అని చూస్తుంది. కొట్టుకోకపోతే ఒకసారి తడుతుంది. అంతకుమించి దానికేమీ తెలియదు."

నాకు కన్నీళ్లొచ్చినంత పనయింది. ఇంత చిన్న సంగతి కోసమా ఇన్నాళ్లు నలిగిపోయామనిపించింది. తీసేస్తే మాత్రం నిజంగానే ప్రమాదమని, ఎవరు చెప్పినా తీయించుకోవద్దని కూడా గట్టిగా చెప్పాడు. అంతటితో లేచి వచ్చేస్తే బాగుండేది. కానీ ఆయన నిజాయితీపరుడు కదా, అబద్ధం మిగలకూడదనుకున్నాడో ఏమో, మీకు ఆరు నెలలకొకసారి పరీక్ష చేసే కంప్యూటరులో మాత్రం తారీఖు ఉంటుంది, అది తప్పు చూపిస్తే చూపించవచ్చు, దానివల్ల మీకేమీ కాదు, అన్నాడు. పైగా ధైర్యం చెప్పడానికి, ఆ రాత్రి మేమందరం ఇక్కడే ఉంటాం, డాక్టర్లందరికీ సెలవులు రద్దు చేశారు, మీకేం భయం లేదు, అన్నాడు.

బాపు తువ్వాల భుజాన సర్దుకున్నాడు. "ఏమీ కాదంటే మరి సెలవులెందుకు బంద్ చేసిండ్రు సార్?"

డాక్టరుగారు పైవాళ్లు చెప్పారని మాత్రం అన్నాడు. ఆయన తప్పేముంది? మాకూ చెప్పారుగా. జనవరి ఒకటిన శనివారమైనా ఆఫీసుకు రావాలని మా ఉత్తర్వు. ఆ రోజుల్లో నన్ను తికమకపెట్టింది ఇదే. భయం లేదని చెప్పే ప్రతివాళ్లూ ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటున్నారు, ఏర్పాట్లు చేసే ప్రతివాళ్లూ భయం లేదంటున్నారు.

ఆటోలో వస్తూ బాపు ఒక్కటే మాట అన్నాడు. మిషను తీయించుకోనన్నాడు, అంతవరకు నయం. కానీ ఆయన మనసులో ఇంకో నిర్ణయం జరిగిపోయింది. డిసెంబరు నెల సగం దాటాక శంషాబాదు వైపునుంచి పెద్దల్లుడు డీసీఎం వ్యాను తీసుకుని వచ్చాడు. అతనికి అక్కడ సొంత కొట్టం ఉంది, గడ్డికి కరువు లేదు. బాపే కబురు పెట్టి పిలిపించాడని, బర్రెలను ఇచ్చి పంపుతున్నాడని అప్పటిదాకా పెద్దమ్మకు కూడా తెలియదు.

ఆవిడ కొట్టం గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "మనిషి ఉండంగనే బర్రెలను తోలుడేంది? డాక్టర్ ఏం గాదన్నడు గదా. ఇదేం లొల్లి?"

"నేను పోయినంక నువ్వొక్కదానివి ఏం చేస్తవ్? గడ్డి తెస్తవా, పేడ ఎత్తుతవా? ఎవలకో పోయే బదులు బిడ్డ ఇంటికే పోనీ," అన్నాడు బాపు. గొంతు పెంచలేదు.

ఆయన ప్రేమ కొద్దీ చేస్తున్న పనికి ఆవిడ అడ్డు తొలగక ఏం చేస్తుంది? తొలగింది. మూడు బర్రెలు వాల్చిన చెక్క మీదుగా వ్యానెక్కాయి. ఆయన ప్రాణం కాపాడిన నాలుగోది మాత్రం ఎంత లాగినా ఎక్కలేదు, చివరికి బాపే మెడ మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో తిట్టు తిట్టి, వెంట నడిచి ఎక్కించాడు. మా పాప చేతులూపింది. వ్యాను సందు మలుపు తిరిగేదాకా చూసి బాపు లోపలికి వెళ్లిపోయాడు. డాక్టరు చెప్పిన మాట నేను ఇంకొకసారి గట్టిగా చెప్పి ఉంటే ఆగేవాడా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. చెప్పే ఉంటాను కూడా, గుర్తు లేదు. వినే స్థితిలో ఆయన లేడు.

ఆ ఏడు రంజాను నెల సరిగ్గా అప్పుడే వచ్చింది. డిసెంబరు ముప్పై ఒకటి శుక్రవారం. మధ్యాహ్నం మసీదుల ముందు రోడ్ల మీదికి కూడా చాపలు పరిచి నమాజులు చేశారు, సాయంత్రం ఉపవాసం విడిచే సైరను మోగింది, హలీం బట్టీల దగ్గర ఎప్పటిలాగే జనం. సగం ఊరికి ఆరోజు ఇరవయ్యో శతాబ్దం ముగుస్తోందన్న ధ్యాసే లేదు, వాళ్ల నెల వేరే, వాళ్ల సంవత్సరం వేరే. అది చూస్తే నాకు కొంత ధైర్యం వచ్చింది. చీకటిపడ్డాక డ్రైవర్‌సాబ్ ఖర్జూరాల పొట్లంతో వచ్చి, నమాజు చేసుకుని మళ్లీ వస్తా, ఈ రాత్రి నీ దగ్గరే పంటా భాయ్, అని చెప్పి వెళ్లాడు. పెద్దమ్మ ఆయనకు నవ్వారు మంచం వాల్చింది. మావారు పన్నెండు దాకా మేలుకుని లైట్లు పోతాయేమో చూస్తానన్నారు గాని, పదింటికే పేపరు మొహం మీద వేసుకుని నిద్రపోయారు. పాపను పడుకోబెడుతూ నేనూ నిద్రపోయాను. అంత పెద్ద ఘడియ ఎప్పుడు దాటిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

తెల్లవారి కళ్లు తెరిచేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. పాలధార చప్పుడు లేదు. బర్రెలు వెళ్లి రెండు వారాలైందన్న సంగతి ఆ నిద్రమత్తులో తట్టలేదు, చప్పుడు లేదంటే ఆయన లేడనే అనుకున్నాను. జుట్టు ముడి కూడా వేసుకోకుండా వెనక్కి పరిగెత్తాను. ఖాళీ కొట్టంలో తొట్టి గట్టు మీద బాపు కూర్చుని ఉన్నాడు, చెయ్యి అంగీ లోపల, ఎడమ భుజం కింద. పక్కన కుర్చీలో డ్రైవర్‌సాబ్ మఫ్లరు చుట్టుకుని కునుకుతున్నాడు. ఉపవాసం మొదలుకాకముందే పెద్దమ్మ పెట్టిన సహరీ అన్నం తిని, ఉదయం నమాజుకు పోయి, మళ్లీ వచ్చి కూర్చున్నాడట.

"కొట్టుకుంటున్నది బిడ్డా," అన్నాడు బాపు నన్ను చూసి. నవ్వాడు కూడా. ఆ తరువాత కొట్టం ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకసారి చూశాడు. పలుపుతాళ్లు గుంజలకు అలాగే ఉన్నాయి. ఆ మొహం మీద నవ్వు ఉంది గాని దానికింద ఏముందో నాకు అర్థం కాలేదు. బతికినందుకు సంతోషించాలో, బర్రెలను ఊరికే ఇచ్చేసినందుకు ఏడవాలో తెలియని మనిషిలా ఉన్నాడు.

ఆఫీసుకు వెళ్తే అన్నీ మామూలుగానే పని చేశాయి. మూలనున్న ఒక పాత కంప్యూటరు తారీఖు తప్పు చూపిస్తే చేత్తో సరిచేశాను. సూపరింటెండెంటుగారి రిటైర్మెంటు సంవత్సరం సరిగ్గా ఉందని ఆయనకు చూపిస్తే మిఠాయి తెప్పించారు. మావారు నెలరోజులపాటు నేను చెప్పలేదా అంటూనే ఉన్నారు. ఎదురింటి అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. ఏమీ కాలేదంటే అందరూ కలిసి ముందే సరిచేశారు కాబట్టి అంకుల్, వాన పడకముందే కప్పు వేసుకుని, తడవలేదు కదా కప్పెందుకంటే ఎట్లా, అని వాదించింది. అది నిజమేననిపించింది. కానీ పెద్దగా ఏమీ సరిచేయని చోట్లా ఆకాశం విరిగి పడలేదు కదా అని మావారంటే అదీ నిజమేననిపించింది. సూపరింటెండెంటుగారి సంగతి నిజం. ఫ్యానుకు చీటీ అబద్ధం. మధ్యలో ఉన్నదంతా ఏమిటో నాకు తెలియదు.

వేసవిలో బాపును పరీక్షకు తీసుకెళ్తే ఆ ఆసుపత్రి కంప్యూటరు ఇచ్చిన కాగితం మీద 1980 అని పడింది, లెక్క తప్పితే కొన్ని కంప్యూటర్లు ఆ ఏటికే వెనక్కి పోయేవట. డాక్టరుగారు ముందే చెప్పిందే, పెన్నుతో కొట్టేసి పక్కన సరైన ఏడు రాశాడు. బాపు ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు నవ్వాడు. "గా ఏడు నాకు నడుంనొప్పి గూడ లేకుండె సార్. గదే ఉంచరాదుండ్రి," అన్నాడు. ఆయన అంత మనసారా నవ్వడం ఆ ఏడాదిలో నేను చూసింది అప్పుడొక్కసారే.

బర్రెలు తిరిగి రాలేదు. అల్లుడికి ఇచ్చినవి ఎట్లా వెనక్కి అడుగుతారు? పెద్దమ్మ ఒకసారి కూతురితో మాటవరసకు అని చూసింది, అవి అక్కడి పచ్చగడ్డికి అలవాటు పడ్డాయని జవాబు వచ్చింది, అది కూడా అబద్ధం కాదు. బాపు నెలకొకసారి బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేవాడు, వచ్చిన రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఆ తరువాత ఆయన ఏళ్ల తరబడి బతికాడు. మధ్యలో ఒకసారి పాత మిషను తీసి కొత్తది కూడా వేశారు. చివరికి గుండెతో సంబంధం లేని ఏదో జ్వరంతో, పెద్దమ్మ చేతిలో గంజి తాగుతూ పోయాడు. కొట్టాన్ని అప్పటికే రెండు గదులు చేసి అద్దెకిచ్చారు. చేతిలో పని పోయిన మనిషి అన్నేళ్లు అరుగు మీద కూర్చోవడం చూశాను కాబట్టి, అప్పుడు ఏమీ కాలేదని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఏదో అయింది. అయిందే గాని, అది మిషను వల్ల కాదు.

మేం ఆ ఇల్లు వదిలి కూడా చాలాకాలమైంది. ఇప్పుడు పాలు పాకెట్లలో గుమ్మానికి వేలాడతాయి, అనుమానమొస్తే ఫోనులో వెతుక్కుంటాం. ప్రతి ప్రశ్నకూ వెంటనే, గట్టిగా, నాకు తెలుసన్నట్టుగా ఒక జవాబు వస్తుంది. దానికి సరిగ్గా ఎదురు జవాబూ అంతే గట్టిగా వస్తుంది. తికమక అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కాకపోతే అప్పుడు తెలియనివాళ్లం ఒకరి గుమ్మంలోకి ఒకరం నడిచి వెళ్లి అడిగేవాళ్లం, సెలవు పెట్టి ఆటో ఎక్కి ఆసుపత్రిదాకా పోయేవాళ్లం. డ్రైవర్‌సాబ్‌కు ఏం జరుగుతుందో నిజంగా తెలిసి ఉంటే ఆ రాత్రి తన ఇంట్లో తాను పడుకునేవాడు. తెలియదు కాబట్టే మఫ్లరు చుట్టుకుని, చలిలో, ఉపవాసపు నెలలో, స్నేహితుడి పక్కన వచ్చి కూర్చున్నాడు. నాకిప్పుడు ఏదైనా తెలియకపోతే, ఈ అయిదో అంతస్తు తలుపు తట్టి, ఏమవుతుందో నాకూ తెలియదు గాని తెల్లారేదాకా ఉంటానని చెప్పేవాళ్లెవరా అని లెక్క వేసుకుంటూ కూర్చుంటాను.